బస్తా మీద ఆల్ఫా స్లాబ్ వన్: వాడినోళ్లు ఎవరన్న ఉన్నరా?

నల్లగొండ డీటీపీ
సోమవారం, ఉదయం 10:20

అన్నలకు, అక్కలకు నమస్తే. మాది మిర్యాలగూడ, బస్టాండు వెనక డీటీపీ షాపు. పెండ్లి కార్డులు, బిల్లు బుక్కులతోటి పాటు ఇక్కడి రైస్ మిల్లులకు బస్తా డిజైన్లు చేస్త.

ఒక మిల్లు సేటు 26 కిలోల సంచికి కొత్త డిజైన్ అడిగిండు. (2022 జూలైల 25 కిలోల దాకా ప్యాకింగుకు 5 శాతం జీఎస్టీ పెట్టినప్పటి సంది ఊరంత 26 కిలోలే నడుస్తున్నది, తెలిసిందే గదా.) పైన ఇంగ్లిషుల బ్రాండు పేరు, ఆరే అక్షరాలు. కింద తెలుగుల "పాత బియ్యం". ఆయన చెప్పింది ఒక్కటే మాట: "లారీ పోతుంటె రోడ్డు అవతల చాయ్ తాగేటోనికి పేరు కనబడాలె."

గూగుల్ ఫాంట్స్‌ల ఎతుకుతుంటె ఆల్ఫా స్లాబ్ వన్ అనే ఇంగ్లిషు ఫాంటు దొరికింది. పెట్టి చూస్తె అక్షరం రాసినట్టు గాదు, గోడ కట్టినట్టున్నది. నాకు మస్తు నచ్చింది. సేటు మాత్రం "గిదేంది, పక్కన గుర్రం బొమ్మ ఒక్కటే తక్కువ" అన్నడు. ఇది బస్తా మీద పనికొస్తదా? వాడినోళ్లు చెప్పుండ్రి.

ఫ్లెక్సీ రాజు
సోమవారం, ఉదయం 10:41

స్లాబు అంటే మాకు తెలిసింది ఇంటికి పోసేదే. సెంట్రింగు కొట్టి, కడ్డీ కట్టి, సాయంత్రానికి మేస్త్రీలకి బిర్యానీ పెట్టాలి. అక్షరానికి కూడా పోస్తారా సామీ?

సరదాకన్నాను గానీ మీ సేటు చెప్పింది కరెక్టే. ఆ ఫాంటు చూడగానే నాకు కౌబాయ్ సినిమాల గుర్రం, తుపాకీ, టోపీ, "పట్టిచ్చినవారికి బహుమానం" పోస్టరే గుర్తొస్తాయి. మా షాపులో పుట్టినరోజు ఫ్లెక్సీలకి ఇంపాక్ట్ ఫాంటు తప్ప ఇంకోటి ముట్టుకోం. పదేళ్లలో ఒక్కడూ ఇదేంటని అడగలేదు.

పొల్లు
సోమవారం, మధ్యాహ్నం 1:05

రాజన్నా, సగం సమాధానం నీ జోకులోనే ఉంది. అక్షరం కాళ్ల కింద, చేతుల చివర ఉండే అడ్డ ముక్కనే సెరిఫ్ అంటాం. పుస్తకాల్లో వాడే ఫాంటులో అది సన్నగా, మొనదేలి ఉంటుంది. స్లాబ్ సెరిఫ్‌లో అదే ముక్క నిలువు గీతకి దీటుగా మందంగా ఉండి, చివర కత్తితో కోసినట్టు చదరంగా ఆగిపోతుంది. నిజంగానే స్లాబు పోసినట్టు.

ఆల్ఫా స్లాబ్ వన్ కొత్తగా పుట్టిన ఆకారం కాదు. లండన్‌లో రాబర్ట్ థోర్న్ అనే అచ్చుల తయారీదారు చెక్కిన "సిక్స్ లైన్స్ పైకా ఈజిప్షియన్" అనే పెద్ద సైజు అచ్చు దానికి మూలం. థోర్న్ 1820లో పోయాడు. ఆయన ఫౌండ్రీని, అంటే అచ్చులు పోసే కార్ఖానాని, విలియం థొరోగుడ్ కొన్నాడు, లాటరీలో తగిలిన డబ్బుతో కొన్నాడని చెప్తారు. తమాషా ఏంటంటే ఆ రోజుల్లో ఇలాంటి లావుపాటి అక్షరాలకి పెద్ద గిరాకీ లాటరీ ప్రకటనల నుంచే. థోర్న్‌కంటే కాస్త ముందే, 1810ల మధ్యలో, విన్సెంట్ ఫిగిన్స్ అనే ఇంకో లండన్ ఫౌండ్రీ ఆయన ఇదే పద్ధతి అచ్చు దింపి "యాంటిక్" అని పేరు పెట్టాడు.

"ఈజిప్షియన్" అనే పేరుకీ ఈ అక్షరానికీ ఏ చుట్టరికమూ లేదు. నెపోలియన్ 1798లో ఈజిప్టు మీదికి వెళ్లాడు, 1802లో అక్కడ దొరికిన రోసెట్టా శిల లండన్ మ్యూజియానికి చేరింది, ఆ తర్వాత ఊళ్లో ఏది కొత్తగా కనిపించినా దానికి ఈజిప్టు పేరే. 1816లో నాలుగో విలియం క్యాస్లన్ అసలు సెరిఫే లేని అచ్చు వేసి దాన్నీ ఈజిప్షియన్ అనే అన్నాడు. మన దగ్గర సూపర్‌హిట్ సినిమా పేరు చీరలకి పెట్టినట్టే.

ఇక బస్తా సంగతి. ఆ కుటుంబంలో ఉన్నది ఒక్క బరువే, అంటే ఒక్క మందమే. సన్నదనం కావాలంటే దొరకదు. ఆరు అక్షరాలకి బంగారం. అరవై అక్షరాలు పెడితే మాత్రం ఎవరూ చదవరు.

చెక్కఅచ్చు
సోమవారం, మధ్యాహ్నం 3:30

ఏవండీ, నేను రాజమండ్రిలో ముప్పయ్యేళ్లు ప్రెస్సులో అచ్చులు పేర్చే కంపోజిటర్‌గా చేశాను. ఇప్పుడు రిటైరై మనవడి ఫోన్లో మీ కబుర్లు చదువుతుంటాను. ఇలాంటి అక్షరాలు నా చేతుల మీదుగా వెళ్లాయి కాబట్టి నాలుగు ముక్కలు.

మా ప్రెస్సులో ఒక బీరువా అడుగు అర నిండా ఇంగ్లిషు చెక్క అచ్చులుండేవి. ఒక్కోటీ అరచేతి పొడుగు. నాటకాల వాల్‌పోస్టర్లకీ ఎగ్జిబిషన్ కరపత్రాలకీ తీసేవాళ్లం. నూనె తాగి తాగి నల్లగా, నున్నగా, నిమురుతుంటే పాత ఇంటి గడపలా ఉండేవి. అందులో "ఈ" అక్షరాలు మూడే. నాలుగోది అవసరమైతే "ఎఫ్" తీసుకుని కిందికి అట్టముక్క అంటించి ఈ చేసేవాళ్లం. దూరం నుంచి ఎవరికీ తెలిసేది కాదు. సన్న సెరిఫ్ అక్షరమైతే ఆ ఆట సాగేది కాదండి.

అసలు ఇంత పెద్ద అక్షరాలు సీసంతో పోస్తే బరువు, ఖర్చు, పైగా చల్లారేటప్పుడు ముఖం సమంగా రాదు. అమెరికాలో డేరియస్ వెల్స్ అనే ఆయన 1827లో యంత్రంతో చెక్క మీద అక్షరం తొలవడం మొదలుపెట్టాడు, 1828లో కేటలాగు వేశాడు. 1834లో లీవెన్‌వర్త్ అనే ఆయన దానికి పాంటోగ్రాఫ్ జోడించాడు. ఒక నమూనా చేసుకుంటే చాలు, అదే అక్షరం చిన్నదిగా, పెద్దదిగా ఎన్నైనా దిగుతుంది. అక్కణ్ణుంచి సర్కస్ పోస్టర్లు, వేలం నోటీసులు, మందుల ప్రకటనలు, అన్నిటా ఈ లావు అక్షరాలే. చెక్కకి సన్నగీత పెడితే విరుగుతుంది. మందం గీత విరగదు. అంతే సంగతి, ఇందులో అందం తర్వాత వచ్చింది.

నల్లగొండ డీటీపీ
సోమవారం, సాయంత్రం 6:12

మాస్టారూ, ఎఫ్‌ను ఈ చేసిన ముచ్చట చదివి షాపుల అందరం నవ్వినం.

మందం అంటిరి గాబట్టి నాకు జరిగింది చెప్త. మొన్న ఇంకో మిల్లుకు డిజైన్ చేసిన. తెలుగు లావుగుండాలెనని ఉన్న ఫాంటుకే ఔట్‌లైన్ పెట్టి ఇంకింత లావు చేసిన. స్క్రీన్ మీద బ్రహ్మాండం. సంచులు అచ్చయి వచ్చినయి. పీపీ సంచి అంటే నేసిన ప్లాస్టిక్ పట్టీలు గదా, ఆ సందులల్ల ఇంకు పాకింది. "పా" మీద పైన ఖాళీ ఉంటది చూడుండ్రి, అది పూడుకపోయింది. బస్తా మీద "వాత బియ్యం" అని పడ్డది. ఐదు వేల సంచులు. మిల్లాయన ఫోన్ చేసి "తింటె వాతం వస్తదని నువ్వే రాస్తివా" అని అడిగిండు. ప్రింటింగ్ ఫ్యాక్టరీ వాళ్లు "మీరు ఇచ్చిందే కొట్టినం" అన్నరు. సగం పైసలు నేనే పెట్టుకున్న.

అందుకే ఈసారి భయం. ఇంత లావు స్లాబ్ గూడ గట్లనే పూడుకపోదా?

శారద (డల్లాస్)
మంగళవారం, తెల్లవారుజాము 4:50

తమ్ముడూ, "వాత బియ్యం" అని చదివి ఇక్కడ ఆఫీసులో పెద్దగా నవ్వేశాను, ఏమనుకోకు. నేను పన్నెండేళ్లుగా ప్యాకేజింగ్ డిజైన్‌లోనే ఉన్నాను. నీ భయం సరైనదే.

లావు చేయడం వేరు, లావుగా గీసిన అక్షరం వేరు. నువ్వు ఔట్‌లైన్ పెట్టినప్పుడు గీత బయటికీ పెరిగింది, లోపలికీ పెరిగింది. లోపలి ఖాళీలు ముందే చచ్చిపోయాయి, ఇంకు వచ్చి పాతిపెట్టిందంతే. ఆల్ఫా స్లాబ్ గీసినాయన ఆ ఖాళీని లెక్కేసుకునే గీశాడు. క్యాపిటల్ "ఏ" లోపలి చిన్న త్రికోణం చూడు. అది మూసుకుపోకుండా చుట్టూ ఉన్న గీతల్ని ఎక్కడ సన్నం చేశాడో పెద్దది చేసి చూస్తే తెలుస్తుంది. అయినా సంచులు కొట్టే ఫ్లెక్సో ప్రింటింగులో మెత్తటి రబ్బరు బ్లాకు నొక్కుడుకి అక్షరం ఎంతో కొంత ఒళ్లు చేస్తుంది. దానికితోడు సిలిండరు చుట్టూ చుట్టినప్పుడు ఆ దిశలో కాస్త సాగుతుంది కూడా. కాబట్టి నీ ఫ్యాక్టరీ వాడిని అడిగి, ఆ మిషన్ మీద ఎంత సన్నటి సందు నిలుస్తుందో కనుక్కుని, "ఏ", "ఆర్", "బీ" లోపలి ఖాళీలు అంతకంటే పెద్దవి ఉండేట్టు చూసుకో.

గుర్రం సంగతి. నేనుండేది టెక్సాస్‌లో, రోజూ చూస్తాను, ఇక్కడ బార్బెక్యూ కొట్టు బోర్డంటే ఇదే రకం అక్షరం. కానీ స్లాబంటే అదొక్కటే కాదు. ఇక్కడి నేషనల్ పార్కుల దారి బోర్డుల మీద చాలాకాలం క్లారెండన్ అనే స్లాబ్ ఫాంటు వాడారు, గోధుమరంగు మీద తెల్ల అక్షరాలు. ఐబీఎం లోగో స్లాబే. 1956లో పాల్ రాండ్ దాన్ని జర్మన్ టైప్‌ఫేస్ "సిటీ" ఆధారంగా చేశాడు, అడ్డ చారలు 1972లో వచ్చాయి. సోనీ లోగో చూడు, అదీ స్లాబే. టీవీ కొన్నప్పుడు ఎవరికైనా గుర్రం గుర్తొచ్చిందా?

ఫ్లెక్సీ రాజు
మంగళవారం, ఉదయం 9:15

అక్కా, సోనీకి గుర్రం గుర్తురాదు, నిజమే. కానీ ఆల్ఫా స్లాబ్‌కి వస్తుంది. ఎందుకొస్తుందో చెప్పండి, ఊరికే "రాదు" అంటే కస్టమర్ ఒప్పుకోడు. నా కస్టమరైతే అసలే ఒప్పుకోడు.

పొల్లు
మంగళవారం, ఉదయం 11:40

మంచి ప్రశ్న. గుర్రాన్ని తెచ్చేది అసలు వేరే స్లాబు. ఇటాలియన్ అని పిలిచేవాళ్లు, 1821లో లండన్‌లోనే క్యాస్లన్ అండ్ క్యాథర్‌వుడ్ వాళ్లు వేశారు. అందులో లెక్క తలకిందులు: నిలువు గీత సన్నం, పైనా కిందా అడ్డ గీతలు లావు. పాదాలకి గంపలు కట్టుకున్నట్టుంటుంది. అదే తర్వాత ఫ్రెంచ్ క్లారెండన్ అనే పేరుతో అమెరికా చెక్క అచ్చుల్లోకి వెళ్లి పోస్టర్ల మీద స్థిరపడింది. మన కంప్యూటర్లలో ఉండే "ప్లేబిల్" ఆ జాతే, 1938 నాటిది. సినిమాల్లో సలూన్ బోర్డు, బహుమానం పోస్టరు అంటే అదే.

ఆల్ఫా స్లాబ్ ఆ జాతి కాదు, దాని దాయాది. నిలువూ అడ్డమూ రెండూ లావే. పోస్టరు కాగితం రంగు, చుట్టూ చిరుగుల అంచు, వెనక చెక్క టెక్స్చర్, వీటిలో ఒక్కటి తగిలించినా గుర్రం వచ్చేస్తుంది. ఆకుపచ్చ మీదో పసుపు మీదో శుభ్రంగా ఒక్క రంగులో పెట్టు, రాదు. మీ సేటుకి చూపించినప్పుడు బ్యాక్‌గ్రౌండ్ ఏం పెట్టావు తమ్ముడూ?

క్లారెండన్ గురించి కూడా ఒక మాట. 1845లో రాబర్ట్ బెస్లీ ఫౌండ్రీ నుంచి వచ్చింది, అదే థోర్న్, థొరోగుడ్‌ల ఫౌండ్రీ చేతులు మారి. అందులో పాదం నిలువు గీతలోకి వంపు తిరిగి కలుస్తుంది, గోడకీ నేలకీ మధ్య సిమెంటుతో గుండ్రంగా మూల పూసినట్టు. ఇంగ్లండులో డిజైన్ రిజిస్టర్ చేయించి మూడేళ్లు కాపాడుకున్నాడు, గడువు అయ్యీ కాగానే అందరూ కాపీ కొట్టారు. ఆయన మాత్రం 1869లో లండన్ లార్డ్ మేయరయ్యాడు. ఫాంట్లు గీసి మేయరయ్యేవాళ్లు ఇప్పుడెవరూ లేరు, మాకు ఫ్లాటు ఈఎంఐ కట్టడమే గగనం.

నల్లగొండ డీటీపీ
మంగళవారం, మధ్యాహ్నం 12:02

బ్యాక్‌గ్రౌండ్ చెక్క టెక్స్చరే పెట్టిన అన్నా. తప్పు నాదే. తీసేస్త.

గోడరాత
మంగళవారం, సాయంత్రం 7:25

మాది అనకాపల్లి. గోడలకీ షట్టర్లకీ బోర్డులు రాసేవాణ్ణి. ఇప్పుడు పని తగ్గింది, ఫ్లెక్సీ రాజులే కారణం, ఏటనుకోకండి రాజుగారూ.

ఈ స్లాబు అక్షరం మేం చేత్తో రాసేం. ఎలాగంటే, సుద్ద పూసిన దారంతో పైనొకటి కిందొకటి గీత కొట్టీసి, ముందు డబ్బాల్లాగ అక్షరం గీసుకుంటాం, తరవాత రంగు నింపుతాం. కొత్తోళ్లు చేసే తప్పు ఏటంటే "ఓ" ని సరిగ్గా రెండు గీతల మజ్జినే పెడతారు. దూరం నుంచి చూస్తే అది పక్క అక్షరాలకన్నా పొట్టిగా కనబడతాది. గుండ్రం ఉన్నవి పైకీ కిందికీ ఓ నూలుపోగంత దాటాల. మా గురువుగారు "పొట్ట ఉన్నోడు గీత దాటి కూకోవాల" అనీవోరు.

రెండో సంగతి, అక్షరాల మజ్జిన దూరం. పాదాలు లావుగా ఉండడం వల్ల రెండు నిలువు అక్షరాలు పక్కన పెడితే పాదాలు తగిలీస్తాయి. తగలనిస్తే అంతా ఒకటే గోడ. మరీ దూరం పెడితే పళ్లూడినట్టు ఉంటాది. నేను పాదాల మజ్జిన నా చిటికెన వేలు పెట్టి చూసీవోణ్ణి. కంప్యూటర్లో ఏం పెడతారో మీకే తెలియాల.

చెక్కఅచ్చు
మంగళవారం, రాత్రి 8:10

చిటికెన వేలు లెక్క బాగుందండి. మాకు చెక్క అచ్చుల్లో "ఏ" పక్కన "వీ" వస్తే మధ్యలో మడి గట్టంత ఖాళీ వచ్చేది. అప్పుడు మా ఫోర్‌మన్ రంపం తీసుకుని ఆ రెంటి మూలలూ కోసేసి దగ్గరికి జరిపేవాడు. ప్రెస్సు ఓనరు చూడకుండా. ఇప్పుడు మీరు మౌస్‌తో జరుపుతున్నారు, అదృష్టవంతులు. జరపండి మరి. చాలామంది పిల్లలు టైపు చేసి అలాగే వదిలేస్తున్నారు.

నల్లగొండ డీటీపీ
బుధవారం, ఉదయం 10:30

ఇంగ్లిషు ఒడిసింది అనుకుంట. ఇప్పుడు తెలుగు. ఒక దోస్తు సలహా ఇచ్చిండు: ఆల్ఫా స్లాబ్‌ల తెలుగు లేదు గాబట్టి, తెలుగు అక్షరాలకు గూడ కింద పాదాలు అతికించు, రెండు జోడీ కుదురుతయి అని. "త" కు, "బ" కు కింద చెక్క ముక్క లెక్క పెట్టి చూసిన. చూస్తుంటె కడుపుల తిప్పినట్టయితున్నది. నాకేనా, అందరికీనా?

పొల్లు
బుధవారం, ఉదయం 11:15

అందరికీనే. దయచేసి తీసెయ్.

ఇంగ్లిషు నిలువు గీత నేల మీద నిలబడుతుంది, దానికి పాదం ఉంటుంది. తెలుగు అక్షరం గుండ్రం, "బ" కింద చక్రంలా తిరుగుతుంది. చక్రానికి చెప్పులు తొడిగితే ఎలా ఉంటుందో అలా ఉంది నువ్వు చేసింది. పైగా కింద ఒత్తులకి చోటు కావాలి, అక్కడ పాదం పెడితే ఒత్తు ఎక్కడికి పోతుంది?

జోడీ కుదరాల్సింది పాదాల్లో కాదు, నలుపులో. రెండు పేర్లూ పక్కపక్కన పెట్టి కళ్లు సగం మూసి చూడు, రెండూ ఒకే మోతాదు మచ్చలా కనిపించాలి. సిలికానాంధ్ర వాళ్ల "రామభద్ర" చూడు, తెలుగులో ఇంత బరువు మోసే ఉచిత ఫాంట్లు ఎక్కువ లేవు. ఇంకాస్త గుండ్రంగా, సరదాగా కావాలంటే ఏక్ టైప్ వాళ్ల "బాలూ తమ్ముడు" బోల్డు. ఏది వాడినా "పా" ని కర్వ్స్ చేసి, అంటే ఫాంటు నుంచి విడదీసి బొమ్మగా మార్చి, పై సందుని చేత్తో వెడల్పు చెయ్. "వాత" చరిత్ర మళ్లీ వద్దు.

అచ్చుతప్పు
బుధవారం, మధ్యాహ్నం 2:48

మొదటిసారి రాస్తున్నాను. పొల్లు గారి మాట సగం ఒప్పుకుంటాను. కింద పాదం వద్దు, సరే. కానీ పైన తలకట్టు ఉంది కదా? దాన్ని ✓ లాగా కాకుండా మందంగా, చివర చదరంగా కోసి చూడండి. తెలుగు అక్షరం నిలబడేది నేల మీద కాదు, అది తలకట్టుకి వేలాడుతుంది. స్లాబు వేయాలంటే పైన వేయాలి. ఇల్లు కట్టేవాళ్లు కూడా పైనే కదా వేస్తారు!

నేను ఒక నాటకం పోస్టరుకి ఇలా చేశాను. "త", "క", "ర" బాగా కుదిరాయి. "జ", "ణ" లకి తలకట్టే లేదు కాబట్టి అవి బోడిగా మిగిలాయి, వాటితో తిప్పలు పడ్డాను. అయినా అయిదారు అక్షరాల పేరుకి బాగుంటుందనే అంటాను.

పొల్లు
బుధవారం, మధ్యాహ్నం 3:20

బోడిగా మిగిలాయని మీరే అన్నారు. "పా" కి దీర్ఘం వచ్చి తలకట్టు పోతుంది, "బి" కి గుడే తప్ప తలకట్టు లేదు. మిగిలేది "త", "య్య" లకే. రెండు మాటల్లో రెండు అక్షరాలకే స్లాబు వేస్తే వాటికి మాత్రమే పెళ్లి చేసినట్టుంటుంది. మీ పోస్టరు చూడాలనుంది మాత్రం, పెట్టండి.

అచ్చుతప్పు
బుధవారం, మధ్యాహ్నం 3:31

గుడిని కూడా చదరంగా కోయొచ్చు అంటాను. రాత్రికి పెడతాను, చూశాక తిట్టండి.

శారద (డల్లాస్)
గురువారం, ఉదయం 5:30

ఇంకో రెండు విషయాలు తమ్ముడూ, మర్చిపోకముందు. ఆల్ఫా స్లాబ్ ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఉంది. బస్తా మీద వేసి అమ్ముకోవచ్చు, ఎవరికీ రూపాయి కట్టక్కర్లేదు. ఫాంటు ఫైలుని విడిగా అమ్మకూడదు, అంతే. ఫ్యాక్టరీకి పంపేటప్పుడు అక్షరాల్ని కర్వ్స్ చేసి పంపు, లేకపోతే వాళ్ల కంప్యూటర్లో అది ఇంకేదో ఫాంటుగా మారి కూర్చుంటుంది.

రెండోది: బరువు, చిరునామా, తేదీ వగైరా చిన్న రాతలకి ఇదే ఫాంటు వాడొద్దు. ఆ సైజులో చీమలబారు. మామూలు సెరిఫ్ లేని ఫాంటు పెట్టు.

నల్లగొండ డీటీపీ
శనివారం, సాయంత్రం 5:45

అందరికీ దండం. జరిగింది చెప్త.

చెక్క టెక్స్చర్ తీసేసి ఆకుపచ్చ ఒక్కటే రంగుల పేరు పెట్టిన. పాదాల నడుమ సందు గోడరాత అన్న చెప్పినట్టు ఒక్కో జతకు విడివిడిగ సర్దిన. "ఆర్" లోపలి ఖాళీ కొంచెం పెంచిన. తెలుగు రామభద్ర, "పా" పై సందు చేత్తో ఎడల్పు చేసిన. "26" అంకె గూడ ఆల్ఫా స్లాబ్‌లనే. ఆ 2 కింద అడ్డగీత చూస్తె తూకం రాయి పెట్టినట్టున్నది, మస్తుగ కుదిరింది. చిన్న రాతలు మామూలు ఫాంటు.

అసలు సైజుల కాగితాల మీద ప్రింట్ తీసి, అతికించి, ఖాళీ సంచి మీద టేపు కొట్టి, మిల్లు ముందు ఆగిన లారీకి కట్టినం. సేటు, నేను, హమాలీలు ఇద్దరు రోడ్డు దాటి చాయ్ హోటల్ కాడ నిలబడ్డం. ఇంగ్లిషు పేరు ఠక్కున కనబడ్డది. గుర్రం ఊసెత్తలేదు సేటు. నాకు ఖుషీ.

గంతల పక్కన చాయ్ తాగుతున్న ముసలాయనను సేటు అడిగిండు, "తాతా, ఆ బస్తా మీద ఏం రాసున్నదే?" అని. తాత కండ్లు చికిలించి చూసి "పాత బియ్యం" అన్నడు. "పైన?" అంటె "పైనదేదో డిజైన్ బిడ్డా" అన్నడు.

సేటు నా దిక్కు తిరిగి "తెలుగు పైకి తే, ఇంగ్లిషు కిందికి దించు, సైజులు ఉల్టా చెయ్" అన్నడు. సోమవారం మళ్ల మొదటి నుంచి. అచ్చుతప్పు అక్కా, ఆ తలకట్టు పోస్టరు ఎప్పుడు పెడుతరు?

ఫ్లెక్సీ రాజు
శనివారం, సాయంత్రం 6:02

ఇంపాక్ట్ పెట్టినా ఆ తాత డిజైనే అనేవాడు తమ్ముడూ. చాయ్ డబ్బులు సేటే ఇచ్చాడా?